ఇది ఎవరి మాట?

పోయిన ఆదివారం చర్చి నుంచి తిరిగొచ్చేసరికి సుగుణ మా అరుగు మీద కూర్చుని ఉంది. సుగుణ నాచారం మల్లమ్మ కూతురు, దవాఖానాలో నర్సు. చేతిలో మడతపెట్టిన పేపరు.

"అమ్మ నీకు జూపియ్యమన్నది మామా" అంది.

లోపలి పేజీలో, సినిమా ప్రకటన కింద, వేలెడంత వార్త. ఆమె పోయారు. పెద్ద వయసు, నిద్రలోనే పోయారట. విద్యారంగానికి ఎనలేని సేవలందించారు, పరిశోధనకూ ప్రభుత్వ విధానానికీ వారధిగా నిలిచారు, ఆమె మృతి తీరని లోటు. మూడు వాక్యాలు, అంతే.

రెండుసార్లు చదివాను. దుఃఖం రావలసిన చోట నవ్వొచ్చింది. ఆ వార్తే ఆమె చేతికి దొరికి ఉంటే జనపనార సంచిలోంచి ఎర్ర పెన్సిల్ తీసేవారు. "ఎనలేని" కింద ఒక గీత, "వారధి" కింద ఒక గీత, "తీరని లోటు" కింద రెండు గీతలు. పక్కన అంచులో చిన్న అక్షరాలతో రాసేవారు: ఇది ఎవరి మాట?

ఆమె పేరు పేపర్లో ఉంది. మా దగ్గర ఆ పేరుతో ఎవరూ పిలిచింది లేదు. ఉప్పల్లో గొడుగమ్మ, నాచారంలో అండీ అమ్మ. ఎండలో, వానలో, మబ్బులో, ఏదీ లేనప్పుడు కూడా చేతిలో గొడుగుండేది. దాన్ని విప్పగా నేను చూసింది తక్కువ. దారి చూపడానికి, కుక్కలను అదిలించడానికి, గోడ మీద గీసిన పటంలో ఇళ్ళను లెక్కపెట్టడానికి వాడేవారు. అండీ అనేది ఆమె మాట తీరు. గుంటూరు వైపు మనిషి. అయిదేళ్ళ పిల్లను కూడా "నీ పేరేంటండీ" అని అడిగేవారు. పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "లచ్చిమి అండీ" అని పరుగెత్తేవాళ్ళు.

నేను ఆమెను మొదట చూసింది లైబ్రరీలో.

అప్పుడు నేను నాచారంలో ఒక వర్క్‌షాపులో లేత్ మెషిన్ మీద పనిచేసేవాణ్ణి. బడి చదువు ఏడో తరగతితో ఆగింది. డ్యూటీ దిగగానే చేతులకు రంపపు పొట్టు రుద్ది, మసి పోయేదాకా కడుక్కుని, ఉప్పల్ శాఖా గ్రంథాలయానికి నడిచేవాణ్ణి. రెండు గదులు, ఆరు బీరువాలు. నా చదువుకు ఒక పద్ధతి ఉండేది. మొదటి బీరువా, పై అర, ఎడమ చివర నుంచి వరసగా చదువుకుంటూ పోవడం. నవల వస్తే నవల, పశువైద్యం వస్తే పశువైద్యం. ఏదీ వదిలేది లేదు. ఆ చదువంటే నాకు గర్వం. ఇప్పుడూ ఉంది.

ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి నలభై అయిదేళ్ళ ఆవిడ ఒకరు బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. నేత చీర, బల్ల మీద నల్ల గొడుగు. చదువుతున్నది పుస్తకం కాదు, ఎవరు ఏ పుస్తకం తీసుకుపోయారో రాసే రిజిస్టరు. దాన్ని నవల చదివినట్టు పేజీలు తిప్పుతూ, నడుమ నడుమ నవ్వుకుంటున్నారు.

"ప్రతి పేజీలోనూ ఈ సంతకం ఒకటి ఉంది. ఎవరండీ ఈయన?" అని లైబ్రేరియన్‌ను అడిగారు. ఆయన నా వైపు చూపించాడు.

"ఏం చదువుకున్నారండీ?"

"ఏడో క్లాసు దాంక."

"ఆ తరవాత?"

"ఆ తర్వాత గీ మూడు బీరువాలమ్మా. నాలుగోదాంట్ల సగానికొచ్చిన."

ఆమె నవ్వు పెద్దది. లైబ్రేరియన్ అలవాటు కొద్దీ పెదాల మీద వేలు పెట్టాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అందులోనే మిగతా నవ్వు నవ్వారు.

"నాలుగో బీరువాలో ఇప్పుడేం నడుస్తోంది?"

"తేనెటీగల పెంపకం."

"అయితే కుట్టించుకునే ఓపిక ఉంటుంది. దస్తూరీ ఎలా ఉంటుంది?"

రాసి చూపించాను. నా అక్షరాలు గుండ్రంగా, అచ్చులో పోసినట్టు ఉంటాయి. మా ఊళ్ళో ఆదివారం బడి నడిపిన ఆయన బెత్తంతో నేర్పిన అక్షరాలవి. ఆమె ఆ కాగితాన్ని దీపానికి ఎత్తిపట్టి చాలాసేపు చూశారు. తర్వాత జరిగిన పొరపాటుకు మూలం ఆ చూపులోనే ఉందని ఆమె తానే చెప్పేవారు.

ఆమె పనేమిటో ఆ రోజే విన్నాను. పట్నంలో ఒక పరిశోధన సంస్థలో ఉద్యోగం. పిల్లలు బడికి ఎందుకు వస్తారు, ఎందుకు మానేస్తారు, దానికి సర్కారు ఏం చేయాలి అన్నది ఆమె చదువు. నాచారంలో రెండు గదుల ప్రాథమిక పాఠశాల ఒకటి ఉండేది. రిజిస్టరు నిండా పేర్లు, గదుల్లో పిల్లలు లేరు. ముఖ్యంగా ఆడపిల్లలు రెండో తరగతి దాటాక కనిపించరు. పిల్లలు లేని బడి ఎందుకు, మూసేసి ఉప్పల్ బడిలో కలిపేద్దాం అని పై ఆఫీసులో ఫైలు నడుస్తోంది. ఉప్పల్ బడికి పోవాలంటే లారీల రోడ్డు వెంట నడవాలి. ఏ తల్లీ చిన్నపిల్లను ఆ రోడ్డు మీదికి పంపదు. అంటే ఈ బడి మూస్తే నాచారం బస్తీ పిల్లలకు చదువు మూసినట్టే. మూసే ముందు ఒక నివేదిక కావాలని ఆమె సంస్థను అడిగారు. గడువు నెలాఖరు.

"ఇంటింటికీ వెళ్ళి, పిల్ల బడికి ఎందుకు రావట్లేదో అడిగి, వాళ్ళు చెప్పింది రాయాలి. ఉప్పల్ వైపు నేను తిరుగుతాను. నాచారం మీరు చూస్తారా?"

మూడు బీరువాలు చదివినందుకు నాకు దక్కిన మొదటి గౌరవం అది. మర్నాడు వర్క్‌షాపులో లేత్ మీద ఇనుము తిరుగుతుంటే అదే తలుచుకుని ముసిముసిగా నవ్వుతున్నానని మేస్త్రీ తిట్టాడు.

ఆమెతో తిరగడం ఒక సరదా. నడక చాలా వేగం. వెనక నడిచేవాళ్ళకు గొడుగు కొన మాత్రమే కనిపించేది. సంచిలో ఎప్పుడూ మరమరాల పొట్లం ఉండేది, మా వైపు బొంగులంటాం. మాట్లాడుతూ తినేవారు, ఎదుటివాళ్ళ దోసిట్లో పోసేవారు. ఏ ఇంటికి పోయినా కుర్చీ తెస్తే "అది మీరు కూర్చోండి" అని తాను గడప మీద కూర్చునేవారు. గడప మీద కూర్చోకూడదని ముసలమ్మలు కేకలేస్తే లేచి నేల మీదికి జరిగేవారు, తర్వాతి ఇంట్లో మళ్ళీ గడపే. కొత్త మాట వినబడితే బస్సు టికెట్ వెనక రాసుకునేవారు. రెండు వారాలకు సంచిలో సగం బస్సు టికెట్లే. మూడో వారానికి "జర ఆగండి", "మస్తుగా ఉందండీ" అనడం మొదలుపెట్టారు. రెండు ప్రాంతాల తెలుగు ఒక వాక్యంలో కలిసి అట్లా కూర్చోవడం నేను మరెక్కడా వినలేదు.

మల్లమ్మ ఇంట్లో మొదటిసారి పచ్చిపులుసు తిన్న రోజు గుర్తుంది.

"ఇది ఉడకని చారన్నమాట" అన్నారు.

"ఉడుకుడెందుకమ్మా, బైట ఎండ ఉడుకుతలేదా" అంది మల్లమ్మ.

ఆ మాట కూడా బస్సు టికెట్ వెనకకు ఎక్కింది.

మల్లమ్మ గురించి చెప్పాలి. దారం తీసే కంపెనీలో పని. గొంతు పెద్దది, మనసులో ఏదీ దాచుకోదు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, నన్ను తమ్మీ అనేది. అప్పటికి సుగుణకు తొమ్మిదేళ్ళు, చంకలో ఎప్పుడూ ఏడాది తమ్ముడు. మల్లమ్మ ఇంటికి ఫారం పట్టుకుని పోయినప్పుడు సుగుణ బడికి ఎందుకు పోవడం లేదని అడిగాను. మల్లమ్మ చెప్పింది. నేను రాశాను.

అక్కడే జరిగింది నా పొరపాటు. ఫారంలో "కారణము" అని ఒక గడి. మల్లమ్మ చెప్పింది చెప్పినట్టు రాయడానికి నాకు చెయ్యి రాలేదు. సర్కారు ఆఫీసుకు పోయే కాగితం మీద "సంక" అని ఎట్లా రాస్తాం? మా వాళ్ళ మాటలు అక్కడ ఎవరైనా చదివి నవ్వితే? అందుకని ఆ మాటలకు మంచి బట్టలు తొడిగాను. "దారిద్ర్యము." "విద్య యొక్క ప్రాముఖ్యము నెరుగకపోవుట." "బాలికల విద్య యెడల అనాదరణ." అనాదరణ అనే మాట నాకు మూడో బీరువాలో దొరికింది. దాచుకుని దాచుకుని, వాడే చోటు దొరికాక ఇంటింటికీ వాడాను. నాచారం ఫారాలన్నీ అట్లాగే నింపాను, గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా.

ఆమె వాటిని చూసి మురిసిపోయారు. సంస్థలో తోటివాళ్ళకు చూపించారట. ఉప్పల్ వైపు తాను రాసుకొచ్చిన కాగితాలేమో కోడి గీకినట్టుండేవి.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ఆ పద్ధతి లేకపోతే ఈ కథ వేరే తీరుగా ముగిసేది. రాసిన నివేదికను పై ఆఫీసుకు పంపే ముందు, చెప్పినవాళ్ళకు చదివి వినిపించాలి. "ఎవరి దగ్గర తీసుకున్నామో వాళ్ళకు ఒకసారి చూపించకుండా పైకి పంపితే దాన్ని ఏమంటారండీ?" అనేవారు. తోటి పరిశోధకులు దీన్ని చాదస్తం అనేవారని తర్వాత విన్నాను.

గడువుకు ఎనిమిది రోజులుందనగా, ఒక ఆదివారం, నాచారంలో నల్లా దగ్గర వినిపించడం పెట్టుకున్నాం. నీళ్ళు వచ్చే వేళ కాబట్టి ఆడవాళ్ళందరూ అక్కడే ఉంటారు. బిందెలు వరసలో, మనుషులు బిందెల పక్కన. ఆమె నాపరాయి మీద కూర్చుని మొదటి ఫారం తీశారు. అది మల్లమ్మది.

"దారిద్ర్యము చేతను, విద్య యొక్క ప్రాముఖ్యము నెరుగకపోవుట చేతను, బాలికల విద్య యెడల అనాదరణ చేతను, బాలికను పాఠశాలకు పంపుట లేదు."

మల్లమ్మ బిందె కింద పెట్టింది.

"గిది ఎవలన్న మాట?"

"మీరే కదండీ."

"నేనా? అమ్మా, గన్ని మాటలు నాకొస్తే నేను కంపెనీలెందుకుంట, కచేరీల కూసుంట."

నల్లా చుట్టూ నవ్వులు. ఆమె రెండో ఫారం తీశారు. అదే వాక్యం. మూడోది. అదే. వెనక నుంచి ఎవరో "అందరం ఒక్క తీర్గనే మాట్లాడినమా, జనగణమనలెక్క" అన్నారు. నవ్వులు ఇంకా పెరిగాయి. నేను తల ఎత్తలేదు.

ఆమె ఫారాల కట్ట ఒళ్ళో పెట్టుకుని, అన్నీ తిరగేశారు. ఆ ముఖంలో నవ్వు లేకపోవడం ఆ ఒక్కసారే చూశాను. తర్వాత మల్లమ్మతో నెమ్మదిగా అన్నారు:

"మల్లమ్మగారూ, మీరేమన్నారో మళ్ళీ ఒకసారి చెప్తారా?"

"ఏమంట? పొద్దుగాల ఏడింటికి నేను కంపెనీల ఉండాలె. చంటోడు దాని సంకల ఉంటడు. వాన్ని ఎవలెత్తుకుంటరు, పంతులెత్తుకుంటడా? పిల్లగాన్నెత్తుకోని పోతె ఇది బడా, దవాఖానానా అని ఎల్లగొట్టిండు. గందుకని ఇది రోజు బడి గోడకాడ నిలవడి ఎక్కాలు ఇంటది. లోపటోళ్ళకంటె ముందే ఒప్పజెప్తది. సుగుణా, ఏడో ఎక్కం జెప్పె."

సుగుణ తమ్ముణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని ఏడో ఎక్కం ఒప్పజెప్పింది. పన్నెండు దాకా, ఎక్కడా ఆగకుండా. తర్వాత ఒక్కొక్కరే అందుకున్నారు. ఒకామె గేదె దగ్గర పిల్లను ఉంచుతోంది, ఇంకొకామె అత్త మంచంలో ఉంది. కానీ ఎక్కువ మందిది ఒకటే కథ: పొద్దున షిఫ్టు, ఇంట్లో చంటిబిడ్డ, ఎత్తుకునేది పెద్ద పిల్ల. అనాదరణ అనదగ్గది ఒక్కరి నోట్లోనూ లేదు.

పెద్ద ఆఫీసు వాళ్ళు ఇదివరకే అనుకుంటున్న మాటలనే నేను ఇంటింటి నోట్లోనూ పెట్టి, అందంగా రాసి తెచ్చాను. ఆ కట్ట అట్లాగే పోయి ఉంటే బడి మూయడానికి అదే సాక్ష్యం అయ్యేది.

ఇంటికి నడుస్తుంటే "అమ్మా, నన్ను తీసెయ్యున్రి. గీ పని నాతోని కాదు" అన్నాను.

ఆమె ఆగి గొడుగు నేలకు పొడిచారు. "అక్షరాలు చూసి మురిసింది నేను. అన్ని ఫారాల్లోనూ ఒకే మాట కనిపిస్తుంటే అనుమానం రావలసింది నాకు. తప్పు సగం సగం. ఎనిమిది రోజులుంది. మళ్ళీ మొదలుపెడదాం. ఈసారి మీ ఇంట్లో ఎవరైనా బాగా గుర్తుపెట్టుకునేవాళ్ళున్నారా?"

ఉంది. మా రత్నమ్మ.

నా భార్యకు చదువు రాదు. కానీ పెళ్ళిలో ఎవరు ఏమన్నారో పదేళ్ళ తర్వాత కూడా మాట పోకుండా చెప్తుంది. చెప్పినవాళ్ళ దగ్గుతో సహా. ఆ మర్నాటి నుంచి నా డ్యూటీ అయ్యాక ముగ్గురం కలిసి తిరిగాం. నేను రాయడం, ఆమె అడగడం, రత్నమ్మ వినడం. ఇంటి బయటికి రాగానే రాసింది చదివేవాణ్ణి.

"ఆమె గట్లనలే" అనేది రత్నమ్మ.

"అర్థం అదే గద."

"అర్థం నీది. మాట ఆమెది. 'పొల్ల పోతనంటే నేనొద్దన్ననా' అన్నది. నువ్వు 'అభ్యంతరము లేదు' అని రాసినవ్. అభ్యంతరమంటె ఏందయ్యా, ఏమన్న కూరగాయనా?"

ఆమె రోడ్డు మీదే నిలబడి నవ్వేవారు. రెండు రోజులకే రత్నమ్మకు పేరు పెట్టేశారు, "మన టేపు రికార్డర్" అని. సంస్థ వాళ్ళు అసలు టేపు రికార్డర్ ఇవ్వలేదని ఆమె ఇక ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదట. ఎర్ర పెన్సిల్ అప్పుడే వచ్చింది. నేను అలవాటు కొద్దీ ఎక్కడైనా బీరువా మాట రాస్తే గీత గీసి, పక్కన మల్లమ్మ అడిగిన ప్రశ్నే రాసేవారు: ఇది ఎవరి మాట? మొదటి రోజు కాగితానికి పది గీతలు. ఆరో రోజుకు ఒకటో రెండో.

ఎనిమిదో రోజు పొద్దున ముగ్గురం బస్సెక్కి పట్నంలో పై ఆఫీసుకు పోయాం. రత్నమ్మ పెళ్ళి చీర కట్టుకుంది. ఆ ఫైలు చూసే అధికారి పాత కాలం మనిషి, తెల్ల మీసాలు, మాట మర్యాద. బల్ల మీద ఫైళ్ళు గోడ కట్టినట్టున్నాయి. దారిలో బస్సులోనే ఆమె మాకు చెప్పారు: "పరిశోధనకూ సర్కారుకూ మధ్య ఒక బల్ల ఉంటుంది. అవతల కూర్చున్నాయన చెడ్డవాడు కాదు, ఆయనకు తీరిక లేదు. ఒక్క కొత్త మాట వినిపిస్తే చాలు, తల ఎత్తుతాడు. మన పనంతా ఆ ఒక్క మాట కోసమే."

ఆయన తల ఎత్తకుండానే మొదలుపెట్టాడు. "కూసోండమ్మా. ఏముంది, గరీబీ, చదువు ఖిమ్మత్ తెల్వకపోవుడు. మాకు తెల్వని ముచ్చటనా?"

"అదేనండీ. మీకు తెలిసిందే మేమూ మొదట రాసుకొచ్చాం" అని ఆమె నా పాత ఫారాల కట్ట బల్ల మీద పెట్టారు. "అవి తప్పు. ఇవి వినండి." నా వైపు తిరిగి "చదవండి" అన్నారు.

మల్లమ్మ కాగితం తీశాను. సంక, చంటోడు, పంతులెత్తుకుంటడా, అన్నీ ఉన్నాయి. చదువుతుంటే, నేను ఒక చోట కంగారులో ముక్క వదిలేశాను.

"గోడకాడ నిలవడేది ఇడ్సిపెట్టినవ్" అంది వెనక నుంచి రత్నమ్మ.

అధికారి తల ఎత్తాడు. మొదట రత్నమ్మను చూశాడు, తర్వాత నన్ను. "ఏంది, మల్ల జదువు" అన్నాడు. సుగుణ గోడ పక్కన నిలబడి ఎక్కాలు వినడం రెండుసార్లు చదివించుకున్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ ప్యూను ఉండబట్టలేక "మా ఇంట్ల గూడ గిదే సార్. మా పెద్ద పొల్ల సంకల చిన్నదుంటది" అన్నాడు. ఆయన ప్యూనును కసరలేదు. పది కాగితాలు విన్నాడు. నాచారం బడి పటం అడిగాడు. ఆమె గొడుగు కొనతో వరండా చూపించారు.

"పిల్లలను తెచ్చుకోనిస్తే బడిల ఏడుపులు గాదా?"

"వరండాలో ఉయ్యాల కడితే సరి. ఏడిస్తే ఒకరు లేచి ఊపుతారు."

"ఉయ్యాలకు శాంక్షన్ ఏడికెల్లి తేవాలమ్మా?"

"చీర వాళ్ళే తెచ్చుకుంటారండీ. మీరు దూలానికి ఒప్పుకుంటే చాలు."

ఆయన మీసాల కింద నవ్వడం నేను చూశాను. ఫైలు తన వైపు లాక్కున్నాడు.

పదిహేను రోజుల తర్వాత నల్లా వేళకు గొడుగు దూరం నుంచే కనిపించింది. ఆ రోజు నడక కాదు, పరుగే. చేతిలో సైక్లోస్టైల్ కాగితం. బడిని మూయడం లేదు. ఒక ఏడాది పరీక్షగా చూస్తారు. ఆమె నాపరాయి ఎక్కి చదివారు: "చంటిపిల్లలను వెంట తెచ్చుకొను బాలికలను ఆ కారణమున పాఠశాల నుండి త్రిప్పి పంపరాదు."

మల్లమ్మ మళ్ళీ చదవమంది. రెండోసారి కళ్ళు మూసుకుని వింది.

"నేనన్నదే. గని బాగ ఇస్త్రీ జేసిన్రు" అంది.

బిందెలు ఆ రోజు చాలాసేపు నిండి పొర్లాయి. ఎవరూ పట్టించుకోలేదు.

సోమవారం మల్లమ్మ పాత చీర బడి వరండా దూలానికి ఎక్కింది. ఎత్తి కట్టింది పంతులే. ఇది బడా, దవాఖానానా అన్న ఆ పంతులే. వారం తిరిగేసరికి ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఒక కాలితో ఉయ్యాల ఊపుతూ ఎక్కాలు చెప్పించడం నేను కళ్ళారా చూశాను. "ఏడు నాలుగుల ఇరవై ఎనిమిది, నిద్రపోరా నాయనా, ఏడు అయిదుల ముప్ఫై అయిదు." పిల్లలు నిద్రపోరా నాయనాతో సహా ఒప్పజెప్పేవాళ్ళు. ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు కూడా అట్లాగే ఒప్పజెప్పారు. ఏడాది పరీక్ష ఏడాదితో ఆగలేదు. చుట్టుపక్కల మిల్లులున్న ఊళ్ళ బళ్ళకు కూడా అదే కాగితం పోయిందని ఆమె చెప్పారు. చెప్తూ చెప్తూ మరమరాల పొట్లం మొత్తం రత్నమ్మ కొంగులో పోసేశారు.

ఆ తర్వాత ఆమె వేరే జిల్లాలు, వేరే బళ్ళు తిరిగారు. అయినా ఏడాదికి రెండు మూడుసార్లు ఉప్పల్ లైబ్రరీకి వచ్చేవారు. "ఎన్నో బీరువా?" అన్నది మొదటి పలకరింపు. మా వైపు వాళ్ళకూ ఆ వైపు వాళ్ళకూ పడని రోజులు కొన్ని వచ్చాయి. ఆ రోజుల్లో ఒకసారి బస్టాండులో కొందరు ఆమె మాట విని, ఏ ఊరమ్మా నీది అని గట్టిగా అడిగారు. మల్లమ్మ కంపెనీ నుంచి వస్తూ అది చూసింది. వాళ్ళ మధ్యలోకి జొరబడి "గామెది మా నల్లాకాడి ఊరు" అంది. వాళ్ళు పక్కకు తప్పుకున్నారు. ఆమె మాత్రం ఆ మాటను అప్పుడే టికెట్ వెనక రాసుకుంటూ "జర ఆగండి" అంటున్నారు.

చివరిసారి కలిసినప్పుడు నేను ఆరో బీరువా ముగించానని చెప్పాను. "ఇక ఏం చదువుతారు?" అన్నారు. తెలియదన్నాను. "ఇక రాయండి. మీ టేపు రికార్డర్ ఉందిగా" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను.

సుగుణ పేపరు తెచ్చిన సాయంత్రం రత్నమ్మా నేనూ మల్లమ్మ ఇంటికి పోయాం. మల్లమ్మకు ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు, గొంతు మాత్రం అదే. సుగుణ మా ముందు ఆ వార్త మళ్ళీ చదివింది.

"గిది ఎవలు రాసిన్రు? ఆమెను సూడనోడు రాసిండు" అంది మల్లమ్మ. "గొడుగేది? బొంగులేవి? నవ్వేది?"

ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వు రాయి తమ్మీ. మల్ల ఇస్త్రీ జెయ్యకు."

రాశాను. ప్రతి కాగితం రత్నమ్మకు చదివి వినిపించాను. "ఆమె గట్లనలే" అని తను అన్నచోటల్లా మార్చాను. నడుమ రెండు రోజులు రత్నమ్మ మల్లాపూర్‌లో చెల్లెలింటికి పోయింది. మీకు ఎక్కడైనా మరీ నున్నగా అనిపిస్తే, అది ఆ రెండు రోజుల్లో రాసిన ముక్క. అక్కడ పక్కన ఎర్ర గీత ఉందనుకోండి.